చివరి వరస, మూడోసారి

నేను నోరు తెరిచి రెండు ముక్కలు చెప్తే మా అమ్మాయి సినిమా బయటికొస్తుంది. చెప్పకపోతే డబ్బాలోనే ఉండిపోతుంది. ఈ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ రోజు పొద్దున్న నేను చాలా హుషారుగా లేచాను.

బయల్దేరబోతుంటే మా ఆయన నీలం రంగు చొక్కా ఒకటి తొడుక్కొచ్చి నా ముందు నిలబడ్డారు. నిగనిగలాడే నీలం. అమ్మాయి పంపించిందట.

“ఎలా ఉంది?” అని అడిగారు.

“బాగుందండీ. చాలా బాగుంది” అన్నాను. కళ్ళజోడు తీసి, అద్దాల మీద హా అని ఊది, జేబురుమాలుతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి మళ్ళీ పెట్టుకున్నాను. “ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఈ రంగు బతికున్నవాళ్ళు వేసుకునేది.”

ఆయన ఏమీ అనుకోలేదు. లోపలికి వెళ్ళి ఎప్పటి బూడిదరంగు చొక్కాలో తిరిగొచ్చారు. నా అభిప్రాయమంటే ఆయనకి మొదట్నుంచీ గురి.

నా నవల పేరు ‘చివరి వరస’. మీరు చదివే ఉంటారు. చదవకపోతే మీ ఖర్మ, అయినా కథ చెప్తాను. ఒక ఊళ్ళో ఒక కళ్ళద్దాల షాపాయన. జనం అద్దాలయ్య అని పిలుస్తారు. మెత్తటి మనిషి. వచ్చినవాళ్ళని షాపు వెనక చీకటి గదిలో కూర్చోబెడతాడు. గడ్డం కింద వేలు పెట్టి తల సరిచేస్తాడు. ఒక్కో అద్దం మారుస్తూ ‘ఇది బాగుందా, అది బాగుందా?’ అని ఎంతో ఓపిగ్గా అడుగుతాడు. ఎదురుగా గోడ మీద అక్షరాల అట్ట. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. చివరి వరస ఎవరికీ కనిపించదు. కనిపించేదాకా ఆయన అద్దాలు మారుస్తూనే ఉంటాడు. కనిపించినవాళ్ళు ఆ వరసలో తమ పేరే చదువుకుంటారు. ఆ తర్వాత వాళ్ళు ఇంకేమీ చదవరు.

ఇలాంటివాణ్ణి ఎక్కడ పట్టావమ్మా అని ప్రతి సభలోనూ అడిగేవారు. నేను దాచలేదు. హంతకుణ్ణి బయటినుంచి తేకూడదు, ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషిలోంచి తీస్తేనే వాడికి ఊపిరి వస్తుంది అని చెప్పేదాన్ని. కొత్తగా రాసేవాళ్ళందరికీ అదే నేర్పాను. మా అమ్మాయికీ అదే నేర్పాను. మా ఆయనకి కళ్ళద్దాల షాపు ఉండేది. అదే గడ్డం కింద వేలు, అదే ఓపిక, అదే ‘ఇది బాగుందా, అది బాగుందా?’. ఇంట్లో ఇంత సరుకు పెట్టుకుని వీధిలో వెతుక్కోవడానికి నాకేమైనా పిచ్చా?

అచ్చుకి పంపేముందు ఆయన చదివారు. చదివి, కాగితాల అంచులు సరిచేసి, బల్ల మీద పెట్టి, “ఇది నేనేనా?” అని అడిగారు.

“మీరు గొడవ చేస్తే అది మీరేనని అందరికీ తెలిసిపోతుంది. ఊరుకుంటే కథ అనుకుంటారు” అన్నాను.

ఆయన ఊరుకున్నారు. మా అమ్మాయి అప్పుడు చిన్నది, అదే బల్ల కింద కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. ఏ మూల కూర్చున్నా తల అటూ ఇటూ తిప్పుతూ ఉండేదని దాన్ని పిట్ట అని పిలిచేవాళ్ళం.

జనం కథ అనుకోలేదు, అది వేరే సంగతి. నవల ఒక్కటే అయితే సరిపోయేది. మొదటి సినిమా రావడంతో మా ఆయన పేరే అద్దాలయ్య అయిపోయింది. ముందు ఆడవాళ్ళు ఆ చీకటి గదిలోకి ఒంటరిగా రావడం మానేశారు. తర్వాత మగవాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చుని, ‘గురువుగారూ, చివరి వరసలో నా పేరు లేదు కదా?’ అని పళ్ళికిలించేవారు. తర్వాత వాళ్ళూ మానేశారు. ఆయన షాపు మూసి, ఒక పెద్ద కంపెనీలో వెనక గదిలో అద్దాలు సానపట్టే పనికి కుదిరారు. అక్కడ ఆయన మొహం ఎవరికీ కనపడదు. పాపం అనుకునేవాళ్ళు అనుకోండి. షాపు మూసెయ్యమని నేనేమైనా చెప్పానా?

ఇక ఆ మొదటి సినిమా అంటారా, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, భయంతో కాదు. అద్దాలయ్య వేషం వేసినవాడు కళ్ళు గిరగిర తిప్పి, అద్దం మార్చినప్పుడల్లా వికటంగా నవ్వుతాడు. వాడి షాపులోకి కళ్ళున్నవాడెవడైనా అడుగు పెడతాడా? చివర్లో పోలీసు హీరో వచ్చి కాల్చేస్తాడు. నా నవల్లో ఎవరూ కాల్చరు. ఆఖర్న అద్దాలయ్య తనే ఆ కుర్చీలో కూర్చుని, తనే అద్దాలు మార్చుకుని, తన పేరు తనే చదువుకుంటాడు. అది రాయడానికి నేనెంత ఏడ్చి ఉంటాను! వాళ్ళకి తుపాకీ కావలసివచ్చింది.

రెండోది ఇంకా ఘోరం. అందులో హంతకుడికి బాల్యం పెట్టారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కళ్ళజోడు పగలగొట్టిందట, అందుకని పెద్దయ్యాక చంపుతున్నాడట. హాల్లో పక్కావిడ ముక్కు చీదింది. నాకు ఆవిణ్ణి చంపబుద్ధేసింది. ఆ రోజే ఒప్పందంలో షరతు రాయించాను. ఇకమీదట నా నవల ఎవరు తీసినా ముందు నేను చూడాలి. చూసి, ‘ఇది నా నవలే, బాగుంది’ అని నా నోటితో కెమెరా ముందు చెప్పాలి. ఆ ముక్క సినిమా మొదట్లో వెయ్యాలి. నేను చెప్పకపోతే ‘చివరి వరస’ అన్న పేరు వాడకూడదు. ఆ పేరు లేకపోతే ఆ సినిమా ముఖం చూసేవాడెవడు?

మూడోసారి తియ్యడానికి వచ్చింది పిట్ట. నా కూతురు. అప్పటిదాకా రాసుకున్న కథలన్నీ ముందు నాకే చూపించేది. చాలా బాగున్నాయని చెప్పేదాన్ని. తర్వాత ఒక్క మాట చెప్పేదాన్ని. ఆ కథలు మళ్ళీ కనపడేవి కావు. ఒకసారి పువ్వులు పట్టుకుని ఒక కుర్రాణ్ణి కూడా ఇంటికి తీసుకొచ్చి చూపించింది. వాడూ బాగానే ఉన్నాడు. వాడితోనూ ఒక్క మాటే చెప్పాను. నిజం చెప్తే నిలబడలేనివాళ్ళు నా ఇంటికి అల్లుడిగా ఎందుకు? నలభై దాటింది, ఇదే మొదటి సినిమా దానికి. ఇది పోతే ఇంకొకటి ఎవడూ ఇవ్వడని అదే చెప్పింది. కన్నకూతురే అయినా షరతు మాత్రం సడలించనన్నాను. “అక్కర్లేదమ్మా, అలాగే ఉంచు” అంది. పౌరుషం ఉందిలే అనుకున్నాను.

ప్రివ్యూ హాలు చిన్నది. ఎర్ర కుర్చీలు, చెమ్మపట్టిన తివాచీ వాసన, గోడకి ఒరిగి ఒక నిచ్చెన. తెర పక్కన మూడుకాళ్ళ మీద కెమెరా ఒకటి నా కోసం సిద్ధంగా పెట్టారు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సౌండతను దాని పక్కనే కూర్చున్నాడు. పిట్ట ఎదురొచ్చింది. చిక్కిపోయింది. గోళ్ళు కొరుక్కోవడం ఇంకా మానలేదు.

“వచ్చావా అమ్మా. టీ తాగుతావా?”

“ముందు సినిమా చూపించు. టీ తాగబుద్ధేస్తుందో లేదో తర్వాత చూద్దాం.”

ఎడిటర్ ఒకతను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గడ్డం, నిద్రలేని కళ్ళు. ఇతన్ని మేమంతా బాబాయ్ అని పిలుస్తాం అని పిట్ట పరిచయం చేసింది.

“నీ పోయిన సినిమా చూశాను నాయనా. ఎంత బాగుందో! ఎంత చక్కగా కట్ చేశావో!” అన్నాను. అతని మొహం విప్పారింది. కళ్ళజోడు తీసి, ఊది, తుడిచి, ట్యూబులైటుకి ఎత్తి చూసి పెట్టుకున్నాను. “ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకు. ఇంకొంచెం కట్ చెయ్యాల్సింది. మొత్తం.”

మామూలుగా ఈ మాటకి మనుషుల మొహం మాడిపోతుంది. ఇతను మాత్రం నోరు తెరిచి నావంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పిట్ట వంక చూశాడు. “అచ్చు గుద్దినట్టు...” అని ఏదో అనబోతే పిట్ట అతని జబ్బ మీద గిల్లింది. నా చమత్కారానికి బిత్తరపోయాడనుకుని నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన నా పక్కన కూర్చోలేదు. వెనక వరసలో, గోడ వారగా కూర్చున్నారు. ఎక్కడికెళ్ళినా అంతే ఆయన.

సినిమా మొదలైంది. పేరు పడాల్సిన చోట నల్లగా వదిలేశారు. అది నా మాట కోసం ఖాళీగా ఉంచిన చోటు. చూసి నాకు సంతోషమేసింది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నేను కంగారు పడ్డాను. బాగుంది. చీకటి గదిలో సంగీతం లేదు. అద్దాలు మారుతున్న టిక్కు టిక్కు శబ్దం ఒక్కటే. మొదటి సినిమాలో ఈ చోట వయొలిన్లు చెవులు కోసేశాయి. రెండోదాంట్లో పాట పెట్టారు. ఇందులో అద్దాలయ్య నిజంగానే మెత్తగా ఉన్నాడు. గడ్డం కింద వేలు పెడితే ఆ కుర్చీలో ఉన్నది నేనే అన్నట్టు నా మెడ దానంతటదే కాస్త పైకి లేచింది. అయిపోయింది, దీన్ని తిట్టడానికేమీ లేదు అనుకున్నాను. చిన్నప్పుడు పరుగు పందెంలో మా పిట్ట నన్ను దాటిపోయినప్పుడు కూడా నా కడుపు ఇలాగే మండింది.

అంతలో టీ పట్టుకుని అద్దాలయ్య పెళ్ళాం వచ్చింది.

నవల్లో అద్దాలయ్యకి పెళ్ళాం ఉంది. టీ తెస్తుంది, కప్పు పెడుతుంది, పోతుంది. అంతకుమించి ఆవిడకి పనిలేదు. మొదటి సినిమాలో ఆవిడ ఎర్రచీర కట్టుకుని ఒక్కసారి కనపడింది. రెండోదాంట్లో అసలు తీసేశారు, అదొక్కటే వాళ్ళు చేసిన మంచిపని. ఇక్కడ మాత్రం కెమెరా అద్దాలయ్యని వదిలేసి ఆవిడ వెంట పడింది. నడివయసు మనిషి, చక్కగా దువ్విన జుట్టు, ముక్కు మీద కళ్ళజోడు. వేషం వేసిన నటి ఎవరో నాకు తెలియదు. పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన పక్కింటి పాటగత్తెని ఆవిడ ముందుగదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాడించుకుంది.

“ఎంత బాగా పాడావమ్మా! చాలా బాగుంది” అంది. కళ్ళజోడు తీసింది. ఊదింది. తుడిచింది. దీపానికి ఎత్తి చూసింది. పెట్టుకుంది. “ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకు.”

తర్వాత ఏమీ చూపించలేదు. టీ కప్పు ఒక్కటే చూపించారు, అది చల్లారిపోయేదాకా.

మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నవ్వుకోండి. నేను మాత్రం పక్క కుర్చీలో ఉన్న ఎడిటర్ వైపు వంగి గుసగుసలాడాను.

“ఈ ముక్క నవల్లో లేదే? పాత సినిమాల్లోనూ లేదు. ఎక్కడినుంచి పట్టుకొచ్చారు?”

“డైరెక్టరమ్మే తెచ్చారండీ.”

“ఎవరైనా ఇలా మాట్లాడతారా నాయనా? చంపబోయే మనిషికి ఇంత మర్యాదేమిటి? నాటకంలా లేదూ?”

“మాట్లాడతారండీ” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఇక అక్కడినుంచి నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. హంతకుడు అద్దాలయ్య కాదట, పెళ్ళామట! నా నవలకి నడుం విరగ్గొట్టింది. ఊరంతా అద్దాలయ్యనే అనుమానిస్తుంది, రాళ్ళేస్తుంది, ఆయన షాపు మెట్లు కడుక్కుంటూ ఉంటాడు, ఆవిడేమో లోపల టీ కాచుకుంటుంది. ఇంకా ఘోరం, ఇందులో ఒక చిన్నపిల్ల. నవల్లో వాళ్ళకి పిల్లలే లేరు! ఈ పిల్ల బల్ల కింద కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటూ అన్నీ చూస్తుంది, ఒక్క మాట మాట్లాడదు. ఏడిపించడానికి పిల్లల్ని పెట్టడం చేతకాని దర్శకులు చేసే పని. తర్వాత ఆ పిల్ల పెద్దదవుతుంది. పువ్వులు పట్టుకుని దాని కోసం ఒక కుర్రాడొస్తాడు. ‘ఎంత బాగున్నావు బాబూ’ అంటుంది ఆవిడ. కళ్ళజోడు తీస్తుంది.

ఆ చోట వెనకనుంచి మా ఆయన దగ్గారు.

చివర్లో పోలీసులొచ్చి అద్దాలయ్యని పట్టుకుపోతారు. ఆయన నోరెత్తడు. పెళ్ళాం గుమ్మంలో నిలబడి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా అద్దాలు తుడుచుకుంటూ ఉంటుంది. అయిపోయింది. కుర్చీ లేదు, అట్ట లేదు, చివరి వరస లేదు. నేను ఏడ్చి ఏడ్చి రాసిన ముగింపుని పిట్ట పెన్సిల్ పొట్టులా ఊడ్చి పారేసింది.

దీపాలు వెలిగాయి. పిట్ట కెమెరా దగ్గరికి వెళ్ళి అందులోంచి నావంక చూసి, ఎర్ర దీపం వెలిగించింది.

“చెప్పమ్మా” అంది. “నీకేమనిపిస్తే అదే చెప్పు.”

అక్కడే నేను పొరపాటు చేశాను. దానికి ఏం కావాలో అడిగి ఉండాల్సింది. కానీ ఎదురుగా కెమెరా, చుట్టూ జనం, నోట్లో సిద్ధంగా మాటలు. ఎవరాగుతారు? లేచి నిలబడ్డాను.

“పిట్టా, బాగుందమ్మా. చాలా బాగుంది” అన్నాను.

దాని మొహంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఆ వెలుగు రావాలి. అది వస్తేనే తర్వాతి మాట సరిగ్గా దిగుతుంది. కళ్ళజోడు తీశాను. అది లేకపోతే నాకు లోకమంతా అలికేసినట్టుంటుంది. హా అని ఊదాను. జేబురుమాలుతో తుడిచాను. పైనున్న దీపానికి ఎత్తి చూశాను. పెట్టుకున్నాను.

పెట్టుకోగానే, తలుపు పక్కన ఎవరో కనిపించారు. సన్నగా ఉన్న ఒక పిల్ల. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియదు. దాని చెయ్యి దీపం వైపు ఎత్తి ఉంది. చేతిలో ఏమీ లేదు. నేను కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుంటున్నప్పుడే, లేని కళ్ళజోడు అదీ ముక్కు మీద పెట్టుకుంటోంది.

“ఒక్క మాట చెప్తాను...” అన్నాను.

దాని పెదవులూ కదిలాయి. శబ్దం లేదు. “ఏమీ అనుకోకు” అన్నాయి ఆ పెదవులు, నాకంటే ముందే.

నేను ఆగిపోయాను. అది గబుక్కున చెయ్యి దించేసుకుంది.

“అయ్యయ్యో, సారీ అండీ! నెలల తరబడి చేశాను కదా, చెయ్యి దానంతటదే లేచిపోతోంది” అంది.

అప్పుడు పోల్చుకున్నాను. నా జీవితచరిత్ర రాస్తానని ఆ మధ్య మా ఇంటికొచ్చిన పిల్ల. రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేది. నేను మాట్లాడుతూ ఉంటే ఒక్క ముక్క రాసుకునేది కాదు, ఊరికే నావంక చూసేది. శ్రద్ధగల పిల్ల అని పిట్టతో మెచ్చుకున్నాను కూడా. దాని మొహానికి వయసు పూసి, తల నెరిపించి, కళ్ళజోడు పెడితే ఇందాక తెరమీద టీ తెచ్చిన మనిషి.

ఎడిటర్ ఫ్లాస్కు మూత తిప్పుతూ తల దించుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. సౌండతను హెడ్‌ఫోన్లు గట్టిగా అదుముకుని నేలవంక చూస్తున్నాడు. నేను తెరవంక చూశాను, అది తెల్లగా ఉంది. పాటగత్తె గుర్తొచ్చింది. మా పక్కింట్లో ఒకావిడ పాడేది, మానేసింది. పువ్వుల కుర్రాడు గుర్తొచ్చాడు. షాపు మెట్లు గుర్తొచ్చాయి. బల్ల కింద పెన్సిల్ పొట్టు గుర్తొచ్చింది. నిలువునా నీరైపోయాను.

“ఇది నేనా?” అన్నాను.

ఆ మాట నా గొంతులోంచి వచ్చినట్టే లేదు. మా ఆయన గొంతులా ఉంది.

పిట్ట కెమెరా ఆపి నా దగ్గరికొచ్చింది. తన కళ్ళజోడు తీసింది. ఊది, చొక్కా అంచుతో తుడిచి, దీపానికి ఎత్తి చూసి పెట్టుకుంది. ఒట్టేసి చెప్తున్నాను, నన్ను ఎగతాళి చెయ్యడానికి కాదు. అది చేస్తున్నట్టు దానికే తెలియదు. అంత మంటలోనూ నాకు ఒక్క క్షణం గర్వమేసింది, నా కూతురే అని.

“నువ్వు గొడవ చేస్తే అది నువ్వేనని అందరికీ తెలిసిపోతుందమ్మా” అంది, నాకు మాత్రమే వినిపించేలా. “ఊరుకుంటే కథ అనుకుంటారు.”

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. అది తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. ముగ్గురూ ఆ హాల్లోనే ఉన్నారు.

నేను మూర్ఖురాలిని కాను. లెక్క చూసుకున్నాను. బాగోలేదంటే, ఎందుకు బాగోలేదని అడుగుతారు. కూతురి సినిమా తల్లే ఎందుకు ఆపిందని పేపర్లవాళ్ళు తవ్వుతారు. ఈ ఎడిటరూ ఆ పిల్లా ఊరంతా నవ్వుతూ చెప్తారు. బాగుందంటే, నా మొహం, నా గొంతు, నా కళ్ళజోడు సినిమా మొదట్లోనే పడతాయి. ఆ తర్వాత కాసేపటికి ఆవిడ టీ పట్టుకుని వస్తుంది. హాల్లో ఒక్కొక్కరూ పోల్చుకుంటారు. ఆ షరతు రాయించింది నేనే. పిట్ట ఎందుకు ఉంచమందో అప్పుడు అర్థమైంది.

“నిన్ను కన్నందుకు...” అన్నాను.

“టీ తాగుతావా?” అంది పిట్ట.

కూర్చున్నాను. లేచాను. ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

“ఇది నా నవలే” అన్నాను. “బాగుంది.”

“సరిగ్గా వినపళ్ళేదండీ” అన్నాడు సౌండతను. “కొంచెం గట్టిగా.”

“ఇది నా నవలే. బాగుంది.”

“కొంచెం నవ్వుతూ చెప్పమ్మా” అంది పిట్ట కెమెరా వెనకనుంచి. “చివర్లో ఆ కళ్ళజోడు తుడుస్తావే, అది కూడా చెయ్యి. సహజంగా ఉంటుంది.”

వెనక వరసలోంచి నవ్వు వినిపించింది. ముందు ఎవరిదో తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో ఆ నవ్వు విన్నాను, తర్వాత మర్చిపోయాను. మా ఆయన పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ, ముందు కుర్చీ మీద వాలిపోయి నవ్వుతున్నారు. ఆయన నవ్వు ఆగేదాకా రికార్డింగు ఆపాల్సివచ్చింది. తర్వాత నేను నవ్వుతూ చెప్పాను. కళ్ళజోడు కూడా తుడిచాను.

కారులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. సగం దారిలో, షాపులో అడిగినట్టే మెత్తగా అడిగారు.

“మొదటిది బాగుందా, రెండోది బాగుందా, మూడోదా?”

ఆయన ఓపిక మనిషి. మళ్ళీ అడిగారు. మళ్ళీ అడిగారు.

“మూడోదే” అన్నాను.

“నాక్కూడా” అన్నారు.

సినిమా ఆడింది. ఇంకా ఆడుతోంది. మొదటి రెండింటికంటే నవలకి ఇదే దగ్గరగా ఉందని రాశారు, ఏం చదివి రాశారో ఏమో. పిట్టకి ఇంకో రెండు సినిమాలిచ్చారు. అది ఇంటికి రావడం లేదు, ఫోన్లో మాత్రం చాలా మర్యాదగా మాట్లాడుతుంది. కూరల దుకాణంలో ‘బాగున్నాయమ్మా’ అంటే చాలు, అమ్మే మనిషి తక్కెడ పట్టుకుని ఒక అడుగు వెనక్కేస్తుంది. బ్యాంకులో కళ్ళజోడు తీశానా, వరసలో ఉన్నవాళ్ళంతా మాటలాపేసి నావంకే చూస్తారు. వెనకనుంచి ఎవడో ఒకడు ‘ఒక్క మాట...’ అంటాడు, అంతా గొల్లుమంటారు. అద్దాలు మసకేసినా తుడుచుకోకుండానే తిరుగుతున్నాను. కొత్త నవల మొదలుపెట్టాను, నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటా నా వేషం వేసిన ఆ పిల్ల మాటలా ఉంది. ఆపేశాను.

నిన్న పొద్దున్న మా ఆయన ఆ నీలం చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డారు. ఎవరో పాత షాపు మళ్ళీ తెరవమంటున్నారట, చూడ్డానికి వెళ్తున్నారట.

“ఎలా ఉంది?” అని అడిగారు.

“బాగుందండీ. చాలా బాగుంది.”

నా చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. ఆయన ఆ చేతివంకే చూస్తున్నారు. తొందరేమీ లేదన్నట్టు, ఎంతో ఓపిగ్గా. చెయ్యి దించేసుకున్నాను.

“ఇంకేమైనా చెప్తావా?”

“ఏమీ లేదు” అన్నాను.

ఆయన ఇంకాసేపు నిలబడి, గుండీ సరిచేసుకుని, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.